హోపీ కత్సినా బొమ్మలు – శేషాచల ఎర్రచందనపు జంట బొమ్మలు: ఒక తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో నివసించే హోపీ ప్రజలు చెక్కి రంగులద్దే కత్సినా బొమ్మలనూ, కడప జిల్లా దక్షిణభాగం నుండి తిరుపతి వరకు ఎర్రచందనంతో తయారయ్యే జంట బొమ్మలనూ పక్కపక్కన ఉంచి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రెండూ మెట్టనేలలో పుట్టినవే. రెండూ ఆడపిల్ల చేతికి అందేవే. అయినా వాటి వెనుక ఉన్న విశ్వాస వ్యవస్థలు, కుటుంబ వ్యవస్థలు, కొయ్యతో మనిషికి గల సంబంధం వేరు. ఆ భేదాలను గుర్తించకుండా రెండింటినీ "హస్తకళాఖండాలు" అనే ఒకే పేరుతో పిలవడం వల్ల కలిగే నష్టం ఇందులోని ప్రధాన చర్చ.

కీలకపదాలు: కత్సినా, తిహు, మరపాచి, ఎర్రచందనం, బొమ్మల కొలువు, భౌతిక సంస్కృతి, శెట్టిగుంట.

1.0 ఉపోద్ఘాతం

తెలుగులో జానపద విజ్ఞాన పరిశోధన పాటతో మొదలైంది. 1950వ దశకంలో బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యంపై చేసిన కృషి ఆ మార్గాన్ని ఏర్పరచింది. తరువాతి తరాల పరిశోధకులలో ఎక్కువమంది గేయం, కథ, సామెత, పొడుపుకథ వంటి మౌఖిక ప్రక్రియల వైపే నడిచారు. రిచర్డ్ డార్సన్ 1972లో జానపద విజ్ఞానాన్ని మౌఖిక సాహిత్యం, భౌతిక సంస్కృతి, సాంఘిక ఆచారాలు, ప్రదర్శన కళలు అని నాలుగుగా విభజించాడు. తెలుగు సిద్ధాంతగ్రంథాలన్నీ ఈ విభజనను తొలి అధ్యాయంలో పేర్కొంటాయి. కానీ రెండవ అధ్యాయానికి వచ్చేసరికి భౌతిక సంస్కృతి సాధారణంగా కనిపించదు. బొమ్మ పాట పాడదు, కథ చెప్పదు. అందుచేత అది సాహిత్య విద్యార్థి దృష్టికి ఆనదు.

అలాగని తెలుగు సాహిత్యానికి బొమ్మ కొత్తది కాదు. విక్రమార్కుని సింహాసనం మెట్ల మీది సాలభంజికలు మాట్లాడతాయి. 15వ శతాబ్దికి చెందిన కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక వాటి నోట కథలు చెప్పించింది. పిల్లల ఆటల్లో బొమ్మల పెళ్లి ఉంది. కదలని మనిషిని కొయ్యబొమ్మ అంటాం. ఒకరి చెప్పుచేతల్లో నడిచేవాణ్ని ఆడించే బొమ్మ అంటాం. విగ్రహం, ప్రతిమ, బింబం అన్న మాటలకు గుడి కావాలి. బొమ్మ అన్న మాటకు ఇల్లు చాలు. ఆటవస్తువుకూ పూజావస్తువుకూ నడుమ గీత గీయకుండా రెండింటినీ కలుపుకొనిపోయే ఈ తెలుగు పదం హోపీ బొమ్మలను అర్థం చేసుకోవడానికి కూడా ఉపకరిస్తుంది.

2.0 తిహు: దేవత కాని దేవతారూపం

హోపీ గ్రామాలు ఉత్తర అరిజోనాలో మూడు గుట్టల అంచులను ఆనుకొని ఉన్నాయి. వాటిలో ఒరైబీ ఉత్తర అమెరికాలో ఎడతెగకుండా జనం నివసిస్తున్న అతిప్రాచీన గ్రామాలలో ఒకటి. అక్కడి వర్షపాతం ఏడాదికి సుమారు 200 నుండి 250 మిల్లీమీటర్లు. కరవుసీమగా పేరుపడిన కర్నూలు, కడప జిల్లాల సగటు 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే రాయలసీమ రైతు కరవు సంవత్సరంగా భావించే ఏడాది హోపీ రైతుకు తడి సంవత్సరం. నది లేదు, కాలువ లేదు. విత్తనాన్ని లోతుగా నాటి, మట్టిలో దాగిన తేమతో మొక్కజొన్న పండించే సేద్యం వారిది. అటువంటి నేలలో మతమంతా వాన చుట్టూ అల్లుకోవడంలో వింత లేదు.

కత్సినా అనేది మూడు విషయాలను సూచించే మాట. మొదటిది, మేఘాలతోనూ పూర్వీకులతోనూ పంటలతోనూ జంతువులతోనూ ముడిపడిన అదృశ్యశక్తి. రెండవది, ఆ శక్తి వేషం ధరించి ఊరి నడుమ నర్తించే పురుషుడు. మూడవది, ఆ రూపంలో చెక్కిన బొమ్మ. బొమ్మను హోపీలు తమ భాషలో తిహు అంటారు. "కచీనా బొమ్మ" అన్న వాడుక బయటివారిది. కత్సినాలు శీతకాలపు ఆయనాంతం మొదలు జూలై వరకు గ్రామాల్లో ఉంటాయని, నీమాన్ అనే వీడ్కోలు ఉత్సవం తరువాత శాన్ ఫ్రాన్సిస్కో శిఖరాలకు తిరిగి వెళతాయని విశ్వాసం. ఫిబ్రవరిలో జరిగే పొవాముయ ఉత్సవంలోనూ, నీమాన్‌లోనూ వేషధారులు ఆడపిల్లలకు తిహులను బహూకరిస్తారు. పసిగుడ్డుకు పలకవంటి చదునైన బొమ్మ ఇస్తారు. బిడ్డ పెరిగేకొద్దీ చేతులు, నడుము, కాళ్లు తీర్చిన బొమ్మలు వస్తాయి. ఆ ఏడు పెళ్లయిన వధువులను నీమాన్ నాడు కత్సినాల ఎదుటికి తీసుకువస్తారు.

బొమ్మను చెక్కేది తండ్రి, మేనమామ వంటి పురుషులు. పిల్ల దృష్టిలో మాత్రం అది కత్సినా స్వయంగా తెచ్చి ఇచ్చిన కానుక. ఇంటికి వచ్చాక దానిని గోడకో దూలానికో వేలాడదీస్తారు. పూజించరు, నైవేద్యం పెట్టరు. దానిని చూస్తూ పెరిగిన పిల్ల వందల కత్సినాల రూపాలను, పేర్లను, గుణాలను నేర్చుకుంటుంది. జె. వాల్టర్ ఫ్యూక్స్ 1894లో ఈ బొమ్మలపై ప్రత్యేక రచన ప్రచురించాడు. హెరాల్డ్ కోల్టన్ 1949లో వీటిని గుర్తుపట్టే పట్టికతో పుస్తకమే రాశాడు. అయితే పాఠ్యబోధన కోసం చేసిన బొమ్మలు అని వీటిని కుదించడం సరికాదు. కానుక పుచ్చుకోవడంతో పిల్లకూ వానకూ మధ్య ఒక బంధం ఏర్పడుతుంది. పాఠం ఆ బంధంలో ఒక భాగం మాత్రమే.

చెక్కడానికి వాడేది కాటన్‌వుడ్ అనే చెట్టు వేరు. అది వాగుల వెంబడి పెరిగే చెట్టు, నీటిని వెతుక్కుంటూ పోయే వేరు. మెత్తగా, బరువు లేకుండా ఉండి చిన్న కత్తికి సైతం లొంగుతుంది. పైన తెల్లమట్టి పూత, దాని మీద ఖనిజాలతోనూ మొక్కలతోనూ చేసిన రంగులు. ఆ రంగులు దిక్కులను చెబుతాయి. పసుపు వాయవ్యం, నీలం నైరుతి, ఎరుపు ఆగ్నేయం, తెలుపు ఈశాన్యం. ముఖం మీది రంగు మారితే కత్సినా వచ్చిన దిక్కే మారిపోతుంది. రంగు ఇక్కడ అలంకారం కాదు, అర్థం.

3.0 శేషాచలం అంచున జంట బొమ్మలు

ఎర్రచందనం దక్షిణ తూర్పు కనుమలకే పరిమితమైన చెట్టు. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలికొండలు, నల్లమల దక్షిణ భాగం దీని సహజ నివాసం. పూర్వపు కడప, చిత్తూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల కొండలను దాటి ఇది స్వతహాగా పెద్దగా పెరగదు. రాతి నేలలో, ఎండకు కాగిన వాలులలో నిదానంగా ఎదుగుతుంది. బయటి తెల్లచెక్కకు విలువ లేదు. లోపలి చేవకే ఆ ఎరుపు, ఆ బరువు, ఆ ధర. నీళ్లలో వేస్తే మునిగేంత సాంద్రత దానిది. చేవ అన్న మాటను మనిషి సత్తువకు కూడా వాడే భాషలో ఈ చెట్టు గురించి వేరే ఉపమానం వెతకనక్కరలేదు.

ఈ కొయ్యతో బొమ్మలు చెక్కే ఊళ్లలో రైల్వేకోడూరు మండలంలోని శెట్టిగుంట ఒకటి. అది చిరకాలం కడప జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ పునర్విభజనలో అన్నమయ్య జిల్లాకు చేరింది. కొండకు అవతలి వైపు ఏర్పేడు మండలంలోని మాధవమాల కొయ్యశిల్పానికి పేరుపొందిన మరో ఊరు. శెట్టిగుంట కడప నుండి రేణిగుంటకు పోయే దారిలో ఉండడం ముఖ్యమైన విషయం. దేవుని కడపను తిరుమలకు గడపగా భావించే యాత్రికుల దారి ఇది. రాజంపేట దగ్గరి తాళ్లపాక నుండి అన్నమయ్య కొండకు నడిచిన దారిగా ప్రసిద్ధమైన కాలిబాట కూడా ఈ అడవుల్లోనిదే. అడవి సరుకు, యాత్రికుని చేయి, ఈ రెండూ కలిసినచోట బొమ్మల వ్యాపారం నిలిచింది.

ఈ బొమ్మలు ఒంటరిగా ఉండవు. స్త్రీపురుషుల జతగా ఉంటాయి. రాజా–రాణి అని, తిరుపతి బొమ్మలు అని, తమిళం నుండి వచ్చిన మరపాచి అన్న మాటతోనూ వీటిని పిలుస్తారు. ఒకే మొద్దు నుండి పీఠంతో సహా చెక్కుతారు. చేతులు ఒంటికి అంటిపెట్టుకొని ఉంటాయి. అవయవాలు విడివిడిగా చాచుకోవు. ఇది శిల్పి నేర్పు చాలక కాదు. గట్టి కొయ్యలో సన్నని భాగాలు చిట్లుతాయి, పైగా పసిపిల్లల చేతుల్లో పడే వస్తువు ఇది. తొలినాటి హోపీ తిహులలోనూ చేతులు పొట్టకు అదిమినట్టే ఉంటాయి. అక్కడ కారణం సన్నని వేరు, ఇక్కడ కారణం మొండి చేవ. ఫలితం మాత్రం ఒకే తీరు.

దక్షిణ రాయలసీమలోనూ, సరిహద్దు తమిళ, కన్నడ ప్రాంతాల్లోనూ కూతురి పెళ్లికి పుట్టింటివారు ఈ జంటను ఇవ్వడం ఆచారం. మైసూరు ప్రాంతంలో వీటినే పట్టద గొంబె అంటారు. నవరాత్రుల కొలువులో పై మెట్టు మీద ముందుగా నిలిచేది ఈ జంటే. ఆ తరువాతే మిగిలిన బొమ్మలు. ఇంటి ఆడవాళ్లు వాటికి పట్టుపీలికలు చుట్టి, పూసలు వేసి, ఏటేటా కొత్తగా సింగారిస్తారు. కోస్తాలో చాలా ఇళ్లలో కొలువు సంక్రాంతికి జరిగితే ఈ ప్రాంతంలో దసరాకు జరగడం గమనించదగ్గది. బొమ్మకు మరో ఉపయోగం కూడా ఉంది. రక్తచందనం చలువ చేస్తుందని, వాపులకు పనికివస్తుందని వైద్య విశ్వాసం. పెద్దవాళ్లు బొమ్మ పీఠాన్నే సానరాయి మీద అరగదీసి ఆ గంధాన్ని పట్టు వేసేవారు. ఆడుకొనే వస్తువు, కొలువుదీరే దైవం, అవసరానికి మందు. మ్యూజియం చీటీ మీద ఈ మూడింటినీ ఒక్క మాటలో రాయడం సాధ్యం కాదు.

కుటుంబ వ్యవస్థ దగ్గర ఈ రెండు సంప్రదాయాలు విడిపోతాయి. హోపీలది మాతృవంశ సమాజం. ఇల్లు స్త్రీది. పెళ్లయ్యాక పురుషుడే భార్య ఇంటికి వెళతాడు. కాబట్టి తిహు పిల్ల చేతికి వచ్చి ఆ ఇంట్లోనే ఉంటుంది. రాయలసీమలో పిల్ల ఇల్లు విడిచి వెళుతుంది, ఆమెతో బొమ్మల జంట కూడా వెళుతుంది. అత్తింట ఆమె పెట్టే తొలి కొలువుకు పుట్టింటి కొయ్య ఆధారం. ఒకచోట బొమ్మ ఊరికి వచ్చిన అతిథి గుర్తు. మరొకచోట ఊరు దాటిన ఆడపిల్ల గుర్తు. రెండింటినీ "సంతాన సాఫల్య ప్రతీకలు" అని ఒక గాటన కట్టే వ్యాఖ్యానాలు ఈ దిశాభేదాన్ని చూడవు.

4.0 వేషం ఒకచోట, రాక ఒకచోట, బొమ్మ ఒకచోట

హోపీలలో శక్తి రాక, వేషధారణ, బొమ్మ ఒకే గొలుసులోని మూడు లంకెలు. రాయలసీమలో ఈ మూడూ ఉన్నాయి, కానీ గొలుసుగా లేవు.

కొండ దిగి ఊళ్లకు వచ్చే దైవం కావాలంటే అహోబిలం చూడాలి. పూర్వపు కర్నూలు, ఇప్పటి నంద్యాల జిల్లాలోని ఈ క్షేత్రం నుండి కనుమ మొదలుకొని సుమారు 40 రోజులకు పైగా స్వామి పల్లకిలో పల్లెపల్లెకూ తిరుగుతాడు. దీనినే పార్వేట అంటారు. చెంచులక్ష్మితో తన పెళ్లికి స్వామి తానే పిలుపులకు బయలుదేరాడని జనం చెప్పుకుంటారు. దేవుడే ఇంటి ముందుకు వచ్చి పెళ్లికి పిలిచే ఈ ఉత్సవం, కత్సినాల రాకతో పోల్చదగినది. చెంచుల అల్లుడు అన్న చుట్టరికం ఆలయానికీ అడవికీ మధ్య వేసిన వంతెన. అయితే పల్లకి వెళ్లిపోయాక ఇంట్లో పిల్ల చేతిలో ఏ బొమ్మా మిగలదు.

వేషం కావాలంటే తిరుపతి గంగమ్మ జాతర. పాలెగాణ్ని వెతుకుతూ గంగమ్మ మార్చిన రూపాలుగా బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలను పురుషులు వరుసగా ధరిస్తారు. సామాన్య భక్తులూ మొక్కుగా వేషం కడతారు. జాయిస్ ఫ్లూకిగర్ 2013లో ఈ జాతరపై వెలువరించిన గ్రంథం వేషాన్ని నటనగా కాక రూపాంతరంగా చూడాలని వాదించింది. చివరిరోజు అమ్మవారి మట్టి విశ్వరూపాన్ని తొలగించినప్పుడు ఆ మట్టిని భక్తులు మందుగా, ప్రసాదంగా ఇంటికి తీసుకుపోతారు. గంధం అరగదీసిన బొమ్మకూ ఈ మట్టికీ పోలిక స్పష్టమే. ఇక్కడ ఇంటికి చేరేది రూపం కాదు, పదార్థం.

పల్లెల్లో పోతురాజుకు కొయ్య నాటడం కూడా ఉంది. దానిది పొలిమేర, గుడి ముందు. ఇంటి లోపలికి అది రాదు.

ఎర్రచందనపు జంటకు జాతరతోనూ పార్వేటతోనూ సంబంధం లేదు. అది పెళ్లి ద్వారా ఇంట్లోకి వచ్చింది. కాబట్టి "రాయలసీమ కత్సినా" అని దానిని పిలవడం ఆకర్షణీయంగా ఉన్నా తప్పు. ఊరేగింపు దైవాన్ని, వేషాన్ని, బొమ్మను మూడు వేరు సంస్థలు, అంటే ఆలయం, కులాల కట్టుబాటుతో నడిచే జాతర, గృహం, పంచుకున్నాయి. హోపీ గ్రామంలో వీటిని విడదీసే సంస్థలు ఏర్పడలేదు. తులనాత్మక అధ్యయనం పోలికల జాబితాగా ముగిస్తే ఈ విషయం బయటపడదు.

5.0 అమ్మకం, రంగు, నకలు

19వ శతాబ్ది చివర రైలుమార్గం ఆ ప్రాంతానికి వచ్చాక తిహులు పర్యాటకుల వస్తువులయ్యాయి. గోడకు వేలాడదీసే బొమ్మకు కింద పీఠం అవసరం లేదు. కొనేవాడి అలమరాలో నిలబడాలంటే కావాలి. పీఠం, చెక్కినవాని సంతకం, నాట్యభంగిమలో చాచిన చేతులు సంత తెచ్చిన మార్పులు. హోపీ శిల్పులు వాటిని స్వయంగా అమ్ముకుంటారు, అందులో తప్పేమీ లేదు. వేషధారి ముఖకవచం సంగతి వేరు. హోపీల దృష్టిలో అది ప్రాణమున్న మిత్రుడు. 2013 ఏప్రిల్‌లో పారిస్‌లో అటువంటి ముఖకవచాలను వేలం వేసినప్పుడు హోపీలు నిరసించారు. ఆపాలన్న విన్నపాన్ని అక్కడి న్యాయస్థానం అంగీకరించలేదు. అదే ఏడు డిసెంబరులో మరో వేలం జరిగితే అమెరికాకు చెందిన అనెన్‌బర్గ్ ఫౌండేషన్ 24 వస్తువులను కొని సంబంధిత జాతులకు తిరిగి ఇప్పించింది. ఏది అమ్మదగినది, ఏది కాదు అన్న నిర్ణయం చేసినవారిదే కావాలన్న వాదానికి ఈ ఉదంతం ఒక ఆధారం. హోపీలు కానివారు చేసిన బొమ్మలను హోపీ బొమ్మలుగా అమ్మడాన్ని అమెరికా 1990 చట్టం నేరంగా పరిగణిస్తుంది.

మన దగ్గర కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్, ఉదయగిరి కొయ్యపనులకు భౌగోళిక గుర్తింపు లభించింది. కొండపల్లికి తెల్లపొణికి, ఏటికొప్పాకకు అంకుడు. తేలికైన, తెల్లని కొయ్యలు అవి. రంగు, లక్క లేకుండా ఆ బొమ్మలు లేవు. ఈ విషయంలో అవి హోపీ తిహులకు దగ్గర. ఎర్రచందనపు జంట ఈ వరుసలో చేరదు. దానికి రంగు వేయరు. మహా అయితే కనుగుడ్డుకు, జుట్టుకు కాస్త నలుపు. చేవ ఎరుపే దాని వర్ణం.

ఈ కారణంగానే తిరుపతి అంగళ్లలో కనిపించే ఒక మార్పు ప్రస్తావించదగింది. ఎర్రచందనం దొరకక వేరే చెక్కతో చేసి, పైన ఎర్రరంగు పూసి అమ్మే జంటలు వచ్చాయి. రంగు అక్కరలేని బొమ్మకు రంగు వచ్చింది. హోపీ బొమ్మ మీది రంగు కత్సినా ఎవరో చెబుతుంది. ఈ బొమ్మ మీది రంగు తన కొయ్య ఏదో దాచిపెడుతుంది. సాన మీద అరగదీస్తే గంధం రాదు.

6.0 కొయ్య ఎవరిది?

ఎర్రచందనం 1995లో అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందం రెండవ అనుబంధంలో చేరింది. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం దాని స్థాయిని 2018లో కొంత సడలించి, 2021లో మళ్లీ అంతరించే ప్రమాదమున్న జాతుల వర్గంలో ఉంచింది. రాష్ట్రంలో ఈ కొయ్యను దగ్గర ఉంచుకోవడానికే 1989 నాటి ప్రత్యేక నియమాలు ఉన్నాయి. 2016 సవరణ శిక్షలను కఠినం చేసింది. ఇవన్నీ అవసరమైనవే. చైనాలో గృహోపకరణాలకు, జపాన్‌లో వాద్యాలకు ఉన్న గిరాకీ ఈ కొండలను ఎంత గుల్ల చేసిందో తెలిసినవారు వీటిని తప్పుపట్టరు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో తమిళనాడుకు చెందిన 20 మంది కూలీలు మరణించారు. ఆ కొయ్య పేరు వింటే అప్పటినుండి జనానికి బొమ్మ గుర్తురాదు, దుంగ గుర్తుకొస్తుంది.

చట్టం దుంగను చూసి రాసింది. బొమ్మ చెక్కేవాడు కూడా అదే చట్టం కిందికి వస్తాడు. డిపో నుండి అనుమతితో కొన్న ముక్కకు కాగితం ఉండాలి, ఆ ముక్క నుండి వచ్చిన బొమ్మకు కాగితం ఉండాలి, దారిలో తనిఖీలో చూపడానికి కాగితం ఉండాలి. బరువుల్లో దుంగలు కొనే వ్యాపారికి ఇది పెద్ద భారం కాదు. ఉలి, బాడిస, ఆకురాయి తప్ప పెట్టుబడి లేని పనివాడికి ఇదే పెద్ద భారం. అందుకే శెట్టిగుంట వంటి ఊళ్లలో ఉలి వేప మీదికి, టేకు మీదికి మళ్లుతుంది. వాటితో దేవతల విగ్రహాలు, గడప నగిషీలు బాగానే వస్తాయి. జంట బొమ్మ రాదు. వచ్చినా అది పైన చెప్పిన రంగు బొమ్మే.

హోపీ శిల్పికీ కొయ్య కరవు ఉంది. ఆనకట్టలు, తగ్గిన ప్రవాహాల వల్ల కాటన్‌వుడ్ వేరు కొట్టుకురావడం తగ్గింది. ఎక్కడెక్కడినుండో కొనితెచ్చుకోవలసి వస్తోంది. కానీ ఆ వేరును దగ్గర ఉంచుకోవడం నేరం కాదు.

జప్తు చేసిన ఎర్రచందనాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014లో అంతర్జాతీయ ఇ-వేలంలో అమ్మింది. ఆ తరువాతా వేలాలు జరిగాయి. అక్కడ లెక్క టన్నుల్లో నడుస్తుంది, శ్రేణులుగా విడదీసిన దుంగలకు ధర కడతారు. జంట బొమ్మలకు కావలసింది జానెడు పొడవు మొద్దు, చాలాసార్లు దుంగను సరిచేసేటప్పుడు పక్కన పడే కొస ముక్క. ఆ కొసలను పేర్లు నమోదైన శిల్పులకు నిర్ణీత ధరకు ఇచ్చి, బొమ్మ అడుగున ముద్ర వేసే ఏర్పాటు ఉంటే తనిఖీ సులభమవుతుంది, నకలును గుర్తుపట్టడమూ సులభమవుతుంది. అటువంటి ఏర్పాటు కోరాలంటే ఎవరు చెక్కుతున్నారు, ఏ ఇళ్లలో ఏ తరం జంటలు ఉన్నాయి, వాటిని ఏ పేర్లతో పిలుస్తున్నారు అన్న వివరాల సేకరణ ముందుగా జరగాలి. అది అటవీశాఖ పని కాదు. కోడూరు, రాజంపేట, కడప పరిసరాల్లో దసరా కొలువులు తీరే తొమ్మిది రోజులు క్షేత్రపర్యటనకు అనువైన సమయం. ఆ రోజుల్లో పెట్టెల్లోని పాత జంటలు బయటికి వస్తాయి, అవి ఎవరి పెళ్లికి వచ్చాయో చెప్పగల పెద్దవాళ్లు వాటి పక్కనే కూర్చొని ఉంటారు.